సీమ చదువులు: డబ్లిన్‌లో ఒక బరంపురం విద్యార్థి

ప్రతి ఏడూ ప్రవేశాల రోజుల్లో మా దగ్గరకు వచ్చే విద్యార్థులు, ఒక్కోసారి వాళ్ల వెంట వచ్చే తల్లిదండ్రులు, తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "బడిలో ఒరియానో కన్నడమో తమిళమో చదివాం. కాలేజీలో ఇంగ్లీషు. రేపు వీలైతే పై దేశం వెళ్లి చదవాలి. మధ్యలో ఈ తెలుగు ఎందుకండీ?" ఈ ప్రశ్నలో భాష మీద ద్వేషమేమీ లేదు. ఉన్నది బతుకు లెక్క. దానికి భాషాభిమానం మీద ఉపన్యాసంతో జవాబు చెప్పడం మాకు సరిపడదు. అందుచేత ఈ సంచికలో ఒక పాత వృత్తాంతాన్ని విద్యార్థుల ముందు పెట్టదలచుకున్నాం. 1913లో బరంపురం నుంచి ఐర్లండు వెళ్లి చదువుకున్న ఒక తెలుగు యువకుడి వృత్తాంతమిది. ఆయన వరాహగిరి వేంకటగిరి. తరవాతి కాలంలో భారత రాష్ట్రపతి అయ్యారు కనక పేరు అందరికీ తెలిసిందే. అయితే ఆ పదవికి 56 సంవత్సరాల ముందు విద్యార్థిగా ఆయన ఏం చూశారు, ఏం నేర్చుకున్నారు, ఏ చదువు సగంలో వదిలి రావలసి వచ్చింది అన్న విషయాలు మన పిల్లలకు అంతగా తెలియవు.

సీమ అన్న మాట

ముందుగా ఒక మాట గురించి. మన పెద్దవాళ్లు విదేశీ విద్యను 'సీమ చదువు' అనేవారు. ఇంగ్లండు వెళ్లినవాణ్ణి 'సీమకు వెళ్లాడు' అనేవారు. సీమ అంటే హద్దు, ఆ హద్దులోపలి ప్రాంతం. పల్నాటి సీమ, కోనసీమ, రాయలసీమ అన్నప్పుడు ఆ మాట మన నేలనే చెబుతుంది. సీమచింత, సీమసున్నం, సీమవంకాయ అన్నప్పుడు అదే మాట బయటినుంచి వచ్చిన వస్తువును చెబుతుంది. సొంత ప్రాంతానికీ పరదేశానికీ ఒకే మాట వాడుకున్న జాతి మనది. ఇందులో అయోమయం ఏమీ లేదు. హద్దు అన్నది ఎవరు ఎక్కణ్ణించి చూస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది.

ఈ సంగతి హద్దుల మీద బతికే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గిరిగారు పుట్టిన నాటికి, అంటే 1894 ఆగస్టు 10 నాటికి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ ఊరు అందులో కలిసింది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, రాష్ట్రం మాత్రం మారింది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. యానాం సంగతి ఇంకా విచిత్రం. 1954 దాకా అది ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. యానాం తెలుగు కుటుంబానికి ప్యారిస్ తమ పాలకుల రాజధాని, కూతవేటు దూరంలో ఉన్న కాకినాడ మాత్రం పరాయి ప్రభుత్వపు ఊరు. దూరాన్ని బట్టి విదేశాన్ని కొలవలేమని చెప్పడానికి ఇంతకన్న వేరే ఉదాహరణ అక్కర్లేదు.

సముద్రయానం ఎవరికి దోషం

పంతొమ్మిదో శతాబ్ది చివరి రోజుల్లో చదువు కోసం ఓడ ఎక్కదలచిన విద్యార్థికి మొదటి అడ్డంకి ఇంట్లోనే ఉండేది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పాతకాల్లో చేర్చింది. 1888లో గాంధీగారు లండన్ బయలుదేరినప్పుడు బొంబాయిలోని ఆయన కులపెద్దలు వెలి ప్రకటించి, ఆయనకు సాయం చేసినవాళ్లకు, రేవు దాకా వెళ్లి సాగనంపినవాళ్లకు రూపాయి పావలా జరిమానా విధించారు. తెలుగునాట అగ్రవర్ణాల ఇళ్లలోనూ ఇటువంటి భయాలే ఉండేవి. వెళ్లి వచ్చినవాళ్లకు ప్రాయశ్చిత్తం చేయించాలా వద్దా అన్నది చాలాకాలం ఒక తగవుగా నడిచింది.

కాని ఇదే తీరాన ఇంకొక చరిత్ర ఉంది. కోరంగి, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి వేలాదిమంది తెలుగు కూలీలు రంగూనుకు ఓడ ఎక్కారు. బర్మాలో మన వాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరు పడిపోయేంతగా వెళ్లారు. మారిషస్‌కు, నేటాలుకు వెళ్లినవాళ్లు వేరే. వాళ్లను ఆపడానికి ఏ ధర్మసూత్రమూ ఎవరూ విప్పలేదు. కూలికి వెళ్లినవాడికి లేని ప్రాయశ్చిత్తం చదువుకు వెళ్లినవాడికి కావలసి వచ్చిందంటే ఆ నిషేధం దేన్ని కాపాడిందో మనం ఆలోచించుకోవచ్చు.

ఈ రెండు చరిత్రలూ ఒకచోట కలిసిన ఘట్టం కూడా ఉంది. కోరంగి ప్రాంతం నుంచి రంగూను వెళ్లి వ్యాపారంలో ధనం గడించిన మల్లాడి సత్యలింగం నాయకరు తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపెట్టారు. కాకినాడలో ఆయన పేరిట ఏర్పడిన ధర్మసంస్థ ఇచ్చిన సాయం, మామగారు సర్దిన సొమ్ము, ఈ రెండూ కలిపి 1920ల తొలినాళ్లలో ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. ఓడ కష్టంలో పుట్టిన డబ్బు ఇంకొకరి ఓడ ఖర్చు అయింది. ఆ డబ్బుతో వెళ్లిన విద్యార్థి హార్వర్డులో చదువుకుంటూ, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసి పొట్ట పోసుకున్నారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఆ పద్ధతిని ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

బారిస్టరు పట్టా, డబ్లిన్ దారి

ఆనాటి విద్యార్థులు సీమకు వెళ్లడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. ఐ.సి.ఎస్. పరీక్ష 1922 దాకా ఇంగ్లండులోనే జరిగేది. న్యాయవాద వృత్తిలో ఇక్కడ చదివిన వకీలు వేరు, సీమలో చదివిన బారిస్టరు వేరు. ఇద్దరూ ఒకే చట్టం చదివినా హైకోర్టులో బారిస్టరుకున్న హోదా, మర్యాద వేరుగా ఉండేవి. కాబట్టి వకీళ్ల ఇళ్లలో పిల్లలను బారిస్టరు చదువుకు పంపాలన్న కోరిక సహజం. గోదావరి ప్రాంతం నుంచి వెళ్లి బరంపురంలో స్థిరపడ్డ గిరిగారి కుటుంబం అటువంటిదే. తండ్రి జోగయ్య పంతులుగారు ఆ ఊళ్లో పేరున్న న్యాయవాది. కుమారుడు స్థానిక ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో, పంతొమ్మిదేళ్ల వయసులో, బయలుదేరాడు.

లండన్‌కు పోకుండా డబ్లిన్ ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. 1909 జులై 1న లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా అనే భారతీయ విద్యార్థి కర్జన్ వైలీ అనే అధికారిని కాల్చి చంపాడు. ఆ తరవాత ఇంగ్లండులోని భారతీయ విద్యార్థులందరి మీదా ప్రభుత్వం కన్ను పడింది. విద్యార్థులకు సలహా చెప్పడానికని ఏర్పాటైన కార్యాలయాన్ని కూడా వాళ్లు నిఘా కేంద్రంగానే అనుమానించారు. డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ ఇచ్చే బారిస్టరు పట్టా భారతదేశపు హైకోర్టుల్లో చెల్లేది. ఆ పట్టాకు యూనివర్సిటీ కాలేజీలో ఒక ఏడాది తరగతులు వినాలన్న నియమం ఉండేది. 1914-15లో ఆ తరగతుల్లో కూర్చున్న మొదటి జట్టు భారతీయ విద్యార్థులు 13 మంది. 1914 నుంచి 1917 వరకు మొత్తం 50 మంది అక్కడ చదివారు. ఆ మొదటి జట్టులో గిరి ఒకరు. న్యాయశాస్త్రంతోపాటు బి.ఏ.లో కూడా చేరి ఇంగ్లీషు, అర్థశాస్త్రం తీసుకున్నారు.

1913 నాటి డబ్లిన్

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. విదేశంలో విద్యార్థి నేర్చుకునేది పాఠ్యప్రణాళికలో ఉన్నంతే కాదు. అతను దిగిన ఊరు ఆ క్షణాన ఏ స్థితిలో ఉందో అది కూడా అతని చదువే. 1913లో డబ్లిన్ ప్రశాంతంగా లేదు. ఆ ఆగస్టులో జేమ్స్ లార్కిన్ నాయకత్వాన ట్రామ్ కార్మికులు సమ్మె చేశారు. లార్కిన్ సంఘంలో సభ్యత్వం మానుకుంటామని సంతకం పెట్టనివాళ్లను యజమానులు పనిలోంచి బయటపెట్టారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పనిలేక, తిండిలేక గడిపారు. సెప్టెంబరు 2న చర్చ్ స్ట్రీట్‌లో పేదలు కిక్కిరిసి బతికే రెండు పాత ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు. 1914 తొలినాళ్లకు కార్మికులు ఓడిపోయి పనికి తిరిగి వెళ్లారు.

బరంపురం నుంచి వచ్చిన కుర్రవాడికి సామ్రాజ్యం అంటే అప్పటిదాకా తెల్లవాళ్లు నల్లవాళ్ల మీద చేసే పాలన. ఇక్కడ తెల్లవాడే పేదవాడు, తెల్లవాడే పాలితుడు, తెల్లవాడే పోలీసు దెబ్బలు తినేవాడు. ఆకలికి, అవమానానికి రంగుతో పనిలేదని చూపించే పాఠం మద్రాసులోనో లండన్‌లోనో ఇంత సూటిగా దొరికి ఉండేది కాదని మా ఊహ. అర్థశాస్త్రంలో ఆయన గురువు థామస్ ఫిన్లే అనే జెసూట్ ఫాదరు. రైతుల సహకార ఉద్యమానికి ఆయన పెద్ద అండ. ఇంగ్లీషు పాఠం చెప్పిన థామస్ మెక్‌డొనా కవి, విమర్శకుడు. మూడేళ్లలో ఆయన ఏమయ్యారో ముందు చెబుతాం.

ఆ ఊరికి భారతదేశం కొత్త కాదు. 1913 మే నెలలో అక్కడి ఆబీ థియేటర్‌లో రవీంద్రుడి 'డాకఘర్' నాటకాన్ని ఇంగ్లీషులో ఆడారు. వచ్చిన డబ్బు పాట్రిక్ పియర్స్ నడుపుతున్న ఐరిష్ భాషా పాఠశాలకు ఇచ్చారు. రవీంద్రుడికి నోబెల్ బహుమతి రావడానికి ఇంకా ఆరు నెలలుంది.

కరపత్రం, నిఘా, తిరుగు ప్రయాణం

భారతీయ విద్యార్థులు ఊరకే పాఠాలు వింటూ కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న అగచాట్ల గురించి గిరి, ఆయన సహవిద్యార్థులు ఒక కరపత్రం తయారు చేశారు. అది వేగువాళ్ల చేతికి చిక్కింది. దాంతో డబ్లిన్‌లోని విద్యార్థుల మీద కూడా పోలీసు కాపలా పెరిగింది. అయినా కళాశాల విద్యార్థుల పత్రికలోనూ, ఐరిష్ వాలంటీర్ల పత్రికలోనూ భారతీయ విద్యార్థుల రచనలు పేరు లేకుండా వెలువడ్డాయి.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. అప్పుడే దక్షిణాఫ్రికా నుంచి లండన్ చేరిన గాంధీగారు భారతీయులతో క్షతగాత్రుల సేవాదళం కూర్చే ప్రయత్నంలో ఉన్నారు. గిరి లండన్ వెళ్లి ఆయనను కలుసుకున్నారు. సేవాదళంలో చేరతానని మాట ఇచ్చారు. తరవాత ఆ మాట ఇచ్చినందుకు బాధపడ్డారు. గాంధీగారు పెద్దమనసుతో ఆయనను ఆ మాట నుంచి విడుదల చేసి, ఆ సంగతి ఇంకెవరితోనూ అనలేదని గిరిగారి జీవితచరిత్రకారుడు రాశారు. ఇరవయ్యేళ్ల వయసు. ఒక పక్క గాంధీ, ఇంకొక పక్క సామ్రాజ్యయుద్ధానికి మేము రామంటున్న ఐరిష్ మిత్రులు. ఆ వయసులో మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం సులభమైన పని కాదు. విదేశీ విద్య గురించి మాట్లాడేవాళ్లు ఇటువంటి సందిగ్ధాలను లెక్కలోకి తీసుకోరు. విద్యార్థి పడే అసలు కష్టాల్లో చలి, తిండి తరవాతి సంగతులు.

1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారంనాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు మొదలైంది. తిరుగుబాటుదారుల ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో పియర్స్, కార్మికనేత జేమ్స్ కానొలీ, ఇంగ్లీషు ఉపన్యాసకుడు మెక్‌డొనా ఉన్నారు. వారం తిరక్కుండా తిరుగుబాటు అణగిపోయింది. మే 3న పియర్స్‌ను, మెక్‌డొనాను కాల్చి చంపారు. మే 12న కానొలీని, గాయాలతో నిలబడలేని స్థితిలో ఉన్నవాణ్ణి, కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. నిన్నమొన్నటి దాకా తరగతిలో కవిత్వం చెప్పిన గురువును ఈ విధంగా పోగొట్టుకోవడం ఏ విద్యార్థి మనసు మీదైనా ముద్ర వెయ్యక మానదు.

భారతీయ విద్యార్థుల బసలను పోలీసులు సోదా చేశారు. తిరుగుబాటు నాయకులతో సంబంధం ఉందన్న అనుమానం గిరి మీద పడింది. జూన్ 1న నెలరోజుల్లో ఐర్లండు విడిచి వెళ్లాలని తనకు నోటీసు అందినట్లు ఆయనే రాసుకున్నారు. జూన్ 21న బారిస్టరుగా పట్టా పుచ్చుకున్నారు. బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు. ఆ సంవత్సరమే ఇంటికి తిరిగివచ్చారు. ఒక పట్టాతో, ఒక సగం చదువుతో వచ్చారన్న మాట. పై దేశం వెళ్లి డిగ్రీ ఆగిపోయి వచ్చిన పిల్లలను చూసి ఊళ్లో తలా ఒక మాట అనడం మనకు తెలిసిందే. అటువంటి పిల్లలకు ఈ సంగతి తెలియడం మంచిదని మా ఉద్దేశం.

డబ్లిన్ చెప్పిన భాషాపాఠం

భాషాశాస్త్ర విద్యార్థులుగా మమ్మల్ని అన్నిటికన్న ఆకర్షించే విషయం ఇంకొకటి ఉంది. ఐర్లండులో 1851లో జనాభా లెక్కల ప్రకారం నాలుగోవంతుకు దగ్గరగా ఐరిష్ మాట్లాడేవాళ్లు ఉండేవారు. 1911 నాటికి ఎనిమిదోవంతుకు కాస్త పైన మిగిలారు. కరువు, వలస, బళ్లలో ఇంగ్లీషు, ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగమన్న తల్లిదండ్రుల లెక్క, అన్నీ కలిసి భాషను పడమటి తీరానికి నెట్టాయి. దాన్ని నిలబెట్టడానికి 1893లో గేలిక్ లీగ్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు డగ్లస్ హైడ్ 1909 నుంచి గిరి చదివిన కళాశాలలోనే ఐరిష్ ఆచార్యుడు. ఆ పోరాటం ఫలితంగా 1913 నుంచి ఐర్లండు జాతీయ విశ్వవిద్యాలయంలో మెట్రిక్యులేషన్‌కు ఐరిష్ తప్పనిసరి అయింది. అంటే గిరి అక్కడ దిగిన సంవత్సరమే.

అదే సంవత్సరం మే నెలలో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తెలుగు జిల్లాలన్నీ ఒక రాష్ట్రం కావాలన్న ఆలోచనకు అది పెద్ద వేదిక అయింది. అవే రోజుల్లో బడిపిల్లలు రాయవలసింది గ్రాంథికమా వ్యావహారికమా అన్న వివాదం మద్రాసులో భగ్గుమంటోంది. గురజాడవారు 1914లో విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించారు. వ్యావహారికం పక్షాన అందరికన్న గట్టిగా నిలబడ్డ గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్నది పర్లాకిమిడిలో, అంటే గిరిగారి జిల్లాలోనే. సవర భాషను ఆ భాష మాట్లాడేవాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, ఆ ఉదయమే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

ఈ రెండు దేశాల ఉద్యమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇప్పటి మనకు పనికివచ్చే సంగతి ఒకటి తేలుతుంది. స్వతంత్ర ఐర్లండు ఐరిష్‌ను బళ్లలో తప్పనిసరి చేసింది. 1937 రాజ్యాంగం దాన్ని మొదటి అధికారభాషగా ప్రకటించింది. హైడ్ 1938లో ఆ దేశపు తొలి అధ్యక్షుడయ్యారు. భాషకు అంతకన్న గౌరవం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షల 70 వేలకు పైగా జనం తమకు ఐరిష్ మాట్లాడ్డం వచ్చునన్నారు. బడి బయట దాన్ని రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 72,000 లోపే. వచ్చిన భాష వేరు, వాడే భాష వేరు. చట్టం మొదటిదాన్ని కల్పించగలదు. రెండోదాన్ని ఇల్లు, వీధి, స్నేహితులు కల్పించాలి.

రాష్ట్రం వెలుపలి తెలుగువాళ్ల స్థితి దీనికి సరిగ్గా తలకిందులు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, పరీక్షలో రాయడం రాదు. ఇంట్లో, సంతలో, పెళ్లిలో మాట్లాడతారు. ఐర్లండు కోల్పోయి వెతుక్కుంటున్నది మన ఇళ్లలో ఇంకా ఉంది. హోసూరులోనో, షోలాపూరు పద్మశాలీల వాడల్లోనో, బళ్లారిలోనో ఆ మాటలో కన్నడం, తమిళం, మరాఠీ కలిసి ఉండవచ్చు. దాన్ని చూసి సిగ్గుపడి పిల్లలు నోరు మూసుకుంటే, ఆ ఖాళీని ఏ పాఠ్యపుస్తకమూ పూడ్చలేదు. గిడుగువారు వందేళ్ల కిందట వాదించింది కూడా ఈ బతికున్న మాట పక్షానే.

మరికొందరు, వాళ్లు తెచ్చినవి

గిరి ఒక్కరే అనుకోకూడదు. చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామస్థుడు రామలింగారెడ్డిగారు 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. అక్కడి విద్యార్థి సభకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయన. తిరిగివచ్చాక చాలా ఏళ్లు మైసూరు మహారాజా కళాశాలలో పనిచేశారు. కన్నడదేశంలో కూర్చుని 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువరించారు. పాశ్చాత్య విమర్శ పద్ధతితో పింగళి సూరనను చదివిన ఆ గ్రంథం తెలుగు విమర్శను మలుపు తిప్పింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి ఉపాధ్యక్షుడు.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. చదివింది అర్థశాస్త్రం. ఆనంద కుమారస్వామితో పరిచయమై, ఆయనతో కలిసి నందికేశ్వరుని 'అభినయదర్పణం' ఇంగ్లీషులోకి అనువదించారు. అది 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వచ్చింది. 1921లో చీరాల-పేరాల ప్రజలను ఊరు ఖాళీ చేయించి రామనగరానికి నడిపించిన నాయకుడు, నాట్యశాస్త్ర అనువాదకుడు ఒకరే. దరిశి చెంచయ్యగారు 1912లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో చదువుతూ గదర్ పార్టీలో చేరారు. మొదటి యుద్ధకాలంలో అరెస్టయి జైలు పాలయ్యారు. వీరందరిలో తన విద్యార్థి అనుభవాలను తెలుగులో విపులంగా రాసినవారు చెంచయ్యగారు. ఆ పుస్తకం పేరు 'నేనూ నా దేశం'. గిరిగారి ఆత్మకథ 1976లో ఇంగ్లీషులో వచ్చింది.

స్త్రీల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో పుట్టిపెరిగిన వంగ కుటుంబపు ఆడపిల్ల సరోజిని 1895లో నిజాం ప్రభుత్వపు స్కాలర్‌షిప్పు మీద లండన్ వెళ్లి, తరవాత కేంబ్రిడ్జి గర్టన్ కళాశాలలో చదివారు. ఆ కాలంలో ఒక ఆడపిల్ల అంతదూరం చదువుకు వెళ్లడానికి ఇంటి ఒప్పుకోలు, సంస్థానపు సొమ్ము రెండూ కలిసిరావలసి వచ్చింది. ఎందరు ఆడపిల్లలకు ఆ రెండూ కలిసిరాలేదో ఏ దస్తావేజులోనూ ఉండదు.

తిరిగివచ్చిన తరవాత

గిరిగారు కొన్నేళ్లు న్యాయవాద వృత్తి చేసి, 1920లో గాంధీగారి పిలుపు మీద దాన్ని వదిలేశారు. ఏ పట్టా కోసం సముద్రం దాటారో ఆ పట్టాను నాలుగేళ్లకే పక్కనపెట్టారు. ఆ తరవాత ఆయన ఎంచుకున్నది రైల్వే కార్మికుల పని. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికసంఘం ఆయన కార్యరంగం. ఆ రైల్వేకు పెద్ద వర్క్‌షాపు ఉన్న ఖరగ్‌పూర్‌కు తెలుగు కార్మికులు తరాలుగా వలస వెళ్లి స్థిరపడ్డారు. 1927లో అక్కడ జరిగిన సమ్మె కార్మికోద్యమ చరిత్రలో ముఖ్యమైనది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో అదే శాఖ చూశారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా ఇచ్చారు. 1965 నుంచి 1967 దాకా మైసూరు రాష్ట్ర గవర్నరు. 1969లో రాష్ట్రపతి.

కింగ్స్ ఇన్స్ ఇచ్చిన పట్టా నాలుగేళ్లు ఉపయోగపడింది. 1913లో డబ్లిన్ వీధుల్లో చూసింది నలభై ఏళ్లు ఉపయోగపడింది. విదేశీ విద్య లాభనష్టాలను లెక్కవేసేటప్పుడు ఈ రెండు పద్దులనూ వేరువేరుగా రాసుకోవాలి.

మనం చెయ్యగలిగింది

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది అన్ని దేశాల విద్యార్థుల్లో మనవాళ్లదే పెద్ద సంఖ్య. వాళ్లలో తెలుగు పిల్లలు గణనీయంగా ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు. ఇంటికి ఉత్తరం చేరడానికి వారాలు పట్టిన రోజులు పోయాయి. ఇప్పుడు రోజూ ముఖం చూసి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడినది మాత్రం ఎక్కడా నిలవడం లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిపొడుగునా చూసినదాన్ని తెలుగులో మిత్రుడికి రాసి పంపారు. ఆ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె 1838లో దాన్ని అచ్చువేయించారు కాబట్టి ఈనాడు మనకు ఒక యాత్రాచరిత్ర ఉంది. వీరాస్వామయ్యగారు కూడా తమిళదేశంలో స్థిరపడ్డ తెలుగువారే అన్నది గుర్తుంచుకోదగింది.

అందుచేత ఈ సంచిక చదివే విద్యార్థులను మేము కోరేది చిన్న పని. మీ ఇంట్లో రంగూనుకో, సింగపూరుకో, సీమకో వెళ్లి వచ్చిన తాతలూ మామ్మలూ ఉంటే వాళ్లను అడిగి రాసుకోండి. పాత ఉత్తరాలుంటే తడికి, చెదకు పోకముందే నకళ్లు తీయండి. లిపి రాకపోతే వచ్చిన లిపిలోనే రాయండి, మేము తెలుగులోకి మారుస్తాం. మీరే రేపు పై దేశం వెళితే నెలకు ఒక పేజీ తెలుగులో రాయండి. ఏం తిన్నారో, ఎవరితో పోట్లాడారో, ఏ పరీక్ష తప్పారో రాయండి.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. మధ్యలో ఈ తెలుగు ఎందుకు? చదువుకు మీరు ఏ భాషనైనా వాడుకోవచ్చు. పై దేశంలో మీ మీదుగా ఏం జరిగిందో ఇంటికి వచ్చి మీ అమ్మమ్మకు చెప్పాలంటే మాత్రం ఆమె భాషే కావాలి. బరంపురంలో ఆ భాష ఇంకా వినబడుతూనే ఉంది.